బారెడు పాట

మొన్న శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా బావ కువైట్ నుంచి వాట్సాప్‌లో ఒక పాట పంపి, కింద "నా వంతు అయిపోయింది, ఇక నీదే" అని రాశాడు. అక్కడ అప్పటికి ఏడు. ఆ దేశంలో మందు ముట్టుకోవడానికి లేదు కాబట్టి వాడి చేతిలో పాలు లేని టీ గ్లాసు ఉంటుంది. ఇక్కడ కాకినాడలో మా డాబా మీద నా పక్కన ఏముంటుందో వాడికి చెప్పక్కర్లేదు. వారానికి వాడిదో పాట, నాదో పాట, అంతకు మించి వద్దని అనుకున్నాం. ఇరవై పాటలు పంపితే ఎవరూ వినరు, ఒకటి పంపితే కూర్చుని వింటాం. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు, మా బాబాయి కొబ్బరితోటలో పుట్టింది.

మాది ముక్తేశ్వరం దగ్గర, గౌతమి గట్టుకి ఆనుకుని ఉన్న ఊరు. ఏటికి అవతల కోటిపల్లి. గట్టు కింద బాబాయికి మూడెకరాల తోట, తోట మధ్యలో పెంకుల మకాం, మకాం ముందు నుయ్యి, నూతి పక్కన నవారు మంచం ఒకటీ రెండు కుర్చీలూ. 1991 నుంచి ప్రతి శనివారం పొద్దు వాలే వేళకి అక్కడ చేరేవాళ్ళం. బాబాయి, బావ, నేను, హైస్కూల్లో తెలుగు చెప్పే మేష్టారు, నలుగురమే. అప్పుడప్పుడూ ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి కూర్చునేవారు కానీ ఎక్కువ కాలం నిలిచేవారు కాదు, ఎందుకో ముందు ముందు చెబుతాను.

పాటలు వినే పెట్టె బావ వాళ్ళ అన్నయ్యది. 1988లో కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిన టూ-ఇన్-వన్. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక ఆయన అమ్మాన్ మీదుగా కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. అక్కడ దాచుకున్నదంతా అక్కడే పోయింది. పడ్డ కష్టానికి గుర్తుగా ఇంట్లో మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. అందుకని మా అత్తయ్య దాని మీద తువ్వాలు కప్పి, దేవుడి గూటి పక్కన ఉంచేది. శనివారం వచ్చిందంటే బావ ఆవిణ్ణి బతిమాలుకుని, సైకిల్ క్యారేజీ మీద తలగడ వేసి, దాని మీద పెట్టెని కట్టి, గట్టు మీద గతుకులు తప్పించుకుంటూ నడిపించుకొచ్చేవాడు. ఎక్కి తొక్కేవాడు కాదు.

దానికి విడిగా ఇంకో స్పీకరు ఉండేది. దాన్ని ఖాళీ కడవ మూతి మీద బోర్లించి పెడితే వచ్చే శబ్దం ఇప్పుడు నా దగ్గరున్న ఖరీదైన స్పీకర్లో కూడా రాదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. తబలా దెబ్బ పడితే నేలలోంచి వచ్చినట్టుండేది. కరెంటు పోతే ఆరు పెద్ద బ్యాటరీలు వేసేవాళ్ళం. అవి నీరసపడేకొద్దీ పాట నెమ్మదించి సుశీల గారి గొంతు మగగొంతులా సాగేది. మర్నాడు ఆ బ్యాటరీలనే మకాం అరుగు మీద ఎండలో పెడితే ఇంకో రెండు పాటలకి ప్రాణం వచ్చేది. దోమలకి కొబ్బరి డొక్కల పొగ. "ఒరేయ్ అబ్బాయ్, ఆ డొక్కలు కాస్త ఎగదొయ్యరా" అని బాబాయి అనకుండా సాయంత్రం మొదలయ్యేది కాదు.

మందు సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. బీరు సీసాలు రెండు చేదలో పెట్టి నూతిలోకి దింపి, తాడు గిలకకి కట్టేసేవాళ్ళం, గంటకల్లా చల్లబడేవి. వేసవిలో తాటికల్లు లొట్టి. బాబాయి బ్రాందీ తాగేవాడు, మేష్టారు రెండు దాటేవారు కాదు. నంజుకోడానికి పిన్ని వేయించి పంపిన నెత్తళ్ళు, ఉడికించిన వేరుసెనక్కాయలు, మామిడికాయ రోజుల్లో ఉప్పూ కారం అద్దిన ముక్కలు.

అసలు సంగతి వంతులు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాట, అలా తిరుగుతూ రావాలి. పాట పడుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. గ్లాసు కింద పెట్టినా చప్పుడు కాకూడదు. మాట్లాడినవాడికి ఆ రాత్రికి వంతు లేదు. పాట అయ్యాక టేపు ఆపి, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కొత్తవాళ్ళు నిలవకపోవడానికి కారణం ఇదే. రెండు గుక్కలు పడ్డాక మనిషికి మాట్లాడాలనే ఉంటుంది కదా, పాట మధ్యలో రాజకీయం ఎత్తితే బాబాయి ఏమీ అనేవాడు కాదు, టేపు ఆపేసి వాళ్ళు ముగించేదాకా అలా చూస్తూ కూర్చునేవాడు. మరుసటి వారం వాళ్ళు వచ్చేవారు కాదు.

కేసెట్లు అమలాపురంలో రికార్డింగ్ షాపులో చేయించేవాళ్ళం. మేష్టారు గుండ్రటి చేతిరాతతో పాటల జాబితా రాసిచ్చేవారు, వైపుకి ఆరు పాటలు, ముప్పై నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది రావాలన్న దాని మీద మాకు వారం పట్టేది. "జోరు పాట తర్వాత వెంటనే ఏడుపు పాట పెట్టకండి, మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఏదో ఒకటి ఉండాలి" అనేవారు మేష్టారు. అందుకే మా మొదటి పాట ఎప్పుడూ 'వయ్యారి గోదారమ్మ'. 1985లో వచ్చిన 'ప్రేమించు పెళ్ళాడు'లోది, వేటూరి రాసింది, ఇళయరాజా బాణీ. బాలు, జానకి కలిసి పాడుతుంటే పొద్దు వాలి, ఏటి మీంచి గాలి తిరిగేది. ఆ పాటకి అదే సమయం. రాత్రి పదింటికి దాన్ని వేస్తే అంత బాగుండదు, కావాలంటే వేసి చూడండి.

'దేవదాసు' పాటల గురించి మేష్టారిది గట్టి అభిప్రాయం. గ్లాసు పట్టుకోగానే అందరూ 'జగమే మాయ' అడుగుతారు, ఆయన మాత్రం దాన్ని ఏమీ పుచ్చుకోకముందే వినాలనేవారు. 1953 నాటి ఆ సినిమాకి సంగీతం చేసిన సుబ్బురామన్ గారు అది విడుదలయ్యే లోపే చిన్న వయసులో కన్నుమూశారని, సముద్రాల వారి మాటలు తూలకుండా నిటారుగా నడుస్తాయని, తూలేది తెర మీద మనిషేనని చెప్పేవారు. ఆ మనిషి కూడా తాగినవాడు కాదు. రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని, నిద్రకి బరువెక్కిన కళ్ళతో నటించానని అక్కినేని గారే చెప్పుకున్నారు. ఈ కథ మేష్టారు ఎన్నోసార్లు చెప్పారు, ఎన్నిసార్లు చెప్పినా బాబాయి మొదటిసారి విన్నట్టే "పెరుగన్నవే?" అనేవాడు.

మా ఊళ్ళల్లో ఎవరైనా పోతే మైకులో ఘంటసాల భగవద్గీత వేస్తారు. పొద్దున్నే ఆ గొంతు వినపడితే అరుగుల మీద ఆడవాళ్ళు "ఎవరు పోయారో" అని వీధిలోకి వస్తారు. అదే గొంతు రాత్రి తోటలో 'పాడుతా తీయగా' పాడుతుంటే నాకు మొదట్లో వింతగా ఉండేది. ఆ పాట మేష్టారిది. 1964లో వచ్చిన 'మూగమనసులు' లోది, గోదారి మీద పడవ నడిపేవాడి కథ కాబట్టి మా వాళ్ళందరికీ అది సొంత సినిమా. మహదేవన్ గారు ముందు పాట రాయించుకుని తర్వాత బాణీ కట్టేవారట, అందుకే ఆయన పాటల్లో మాట ఎక్కడా నలగదని మేష్టారు వివరించేవారు. తమిళం వాడై ఉండి తెలుగు మాటకి అంత చోటిచ్చాడే అని మురిసిపోయేవారు.

నా పాట 'అభినందన' లోని 'ప్రేమ ఎంత మధురం'. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ పాటే ఎందుకన్నది ఇక్కడ రాయను, తోటలో కూడా ఎవరూ అడగలేదు. ఒక రాత్రి పాట అయ్యాక మేష్టారు మాత్రం, "ఇది ఆత్రేయ 1988లో రాశాడు, మరుసటి ఏడు పోయాడు. నా 'పాడుతా తీయగా' కూడా ఆయనదే, 1964. ఈ రెండింటికీ మధ్య నీ వయసెంతో అన్నేళ్ళున్నాయి. అన్నేళ్ళూ ఆయన ఆ బాధ గురించే రాస్తూ వచ్చాడు బాబూ, నువ్వు రెండేళ్ళు బాధపడితే తప్పేం లేదు" అన్నారు. అంత ఓదార్పు మాట నాకు ఇంట్లో కూడా ఎవరూ చెప్పలేదు.

బాబాయిది 'తకిట తధిమి'. రెండో గ్లాసు సగంలో ఉండగా అడిగేవాడు. బాబాయి సినిమాలు చూసే మనిషి కాదు, కానీ 1983లో 'సాగరసంగమం' చూసి వచ్చాడు. తాగిన మనిషి వానలో నూతి గట్టు మీద ఆడుతుంటాడు, ఎదురుగా వచ్చిన ఆవిడ నుదుటి బొట్టు వానకి కరిగిపోకుండా చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి గురించి చెప్పేటప్పుడు బాబాయి తన అరచేతిని గాల్లో అలా పట్టి ఉంచేవాడు, ఎదురుగా నిజంగా ఎవరో ఉన్నట్టు. మాకు పక్కనే నుయ్యి, వానాకాలం అయితే పెంకుల మీద చినుకులు. ఆ పాటకి ఇంకేం కావాలి.

పిన్ని తోటలోకి వచ్చి కూర్చునేది కాదు, నెత్తళ్ళ గిన్నె ఇచ్చి దడి దగ్గర నిలబడేది. ఆవిడ పాట 'వెన్నెల్లో గోదారి అందం'. మన పసలపూడి వంశీ తీసిన 'సితార' లోది, జానకమ్మకి జాతీయ అవార్డు తెచ్చిన పాట. నలుగురి వంతులూ తిరిగాక బాబాయి స్పీకరు కడవని దడి వైపుకి తిప్పమనేవాడు. అది పిన్ని వంతు. ఒక్కోసారి పాట అయ్యాక చీకట్లోంచి "ఇంకోసారి వెయ్యరా" అని వినపడేది. వంతులో రెండుసార్లు వేసుకునే హక్కు ఆవిడకి ఒక్కదానికే ఉండేది.

బావది 'ఆకాశ దేశాన'. 1982 నాటి 'మేఘసందేశం', పాలకొల్లు దాసరి నారాయణరావు గారి సినిమా. ఏసుదాసు, సుశీల, రమేష్ నాయుడు ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి దానికి. బావకి మంచి గొంతుంది, కానీ పాట పడుతుంటే పెదవి కదిపేవాడు కాదు. నియమం అంటే నియమమే.

1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మాకు ఎదుర్లంక రేవు దాటితే యానాం, అది పాండిచ్చేరి పాలనలోది కాబట్టి అక్కడ దుకాణాలు మామూలే. అప్పటికి వంతెన లేదు, పంటు మీద దాటాలి. ఊళ్ళో చాలామంది వెళ్ళొచ్చేవారు. బాబాయి ఒప్పుకోలేదు. "మేష్టారిది గవర్నమెంటు ఉద్యోగం, ఆయనకి మాట వస్తే మనం తీర్చలేం" అన్నాడు. అంతే, పిన్ని ఫ్లాస్కు నిండా అల్లం టీ పంపేది. 1997లో నిషేధం ఎత్తేసేదాకా టీ మీదే నడిచింది, ఒక్క శనివారం కూడా తప్పలేదు, తుపాను తర్వాతి వారాలు తప్ప.

1996 నవంబరు 6, బుధవారం. కోనసీమలో ఆ తేదీ చెప్పక్కర్లేదు. సాయంత్రానికి మొదలై రాత్రంతా వీచింది. తెల్లారి గట్టు ఎక్కి చూస్తే తోట లేదు, ఆకాశం ఉంది. నూట ఎనభై చెట్లలో అరవై నిలిచాయి, మిగతావి కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, కొన్ని మధ్యలోకి విరిగాయి. మాకు పోయింది తోటే. కింద సముద్రం వైపు, బలుసుతిప్ప, భైరవపాలెంలో వేటకి వెళ్ళిన మనుషులు ఎందరో తిరిగి రాలేదు. బాబాయి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు విరిగిన చెట్ల మీంచి దాటుకుంటూ కూలిన మకాం దగ్గరికి వెళ్ళి, "ఆ రేకు డబ్బా ఎక్కడుందో చూడండ్రా" అన్నాడు. కేసెట్ల డబ్బా.

పెంకుల కింద దొరికింది, మూత ఊడి, నిండా బురద. పెట్టె అత్తయ్య దగ్గర క్షేమంగా ఉంది కానీ కేసెట్లు పద్నాలుగింటిలో తొమ్మిది పాడయ్యాయి. మా మొదటి కేసెట్, అంటే మేష్టారి జాబితాల్లో మొదటిది, డొల్ల పగిలి టేపు బయటికి వచ్చి దూలానికి చుట్టుకుంది. బావ ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. మంచినీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, పాత కేసెట్ ఒకటి అయిదు స్క్రూలూ విప్పి ఆ డొల్లలోకి దీన్ని ఎక్కించడం మొదలుపెట్టాడు. కరెంటు ఇంకా రాలేదు, లాంతరు వెలుగులో నేను టేపు పట్టుకున్నాను. వేలి గోరులో సగం వెడల్పు కూడా లేని గోధుమరంగు రిబ్బను, ఒకచోట బారెడు మేర నలిగి చిరిగిపోయింది. దానికి మందు లేదు. బావ బ్లేడుతో రెండు కొసలూ ఏటవాలుగా కోసి, హెడ్డుకి తగలని వైపు సెలోటేపు ముక్క అంటించి, అంచులు మిగలకుండా గోరుతో నొక్కి నొక్కి అతికించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

"టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. బారెడంటే దాదాపు 180 సెంటీమీటర్లు, 38 సెకన్లు పోయినట్టు" అన్నాడు బావ. పోయింది ఏ పాటలోనో తర్వాత విన్నాం. ఆ వైపు మూడో పాట, వాడి 'ఆకాశ దేశాన'. చరణం మధ్యలో టిక్కుమని ఎగిరి ముందుకి పోయింది. రిబ్బను ఒకటే కాబట్టి రెండో వైపు కూడా అక్కడే పోతుందని మాకు తిప్పి వేసేదాకా తట్టలేదు. అటు నాలుగో పాట, మేష్టారి 'పాడుతా తీయగా'. అది ఎగిరినప్పుడు మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కొత్త కేసెట్ చేయించవచ్చు, బాబాయి వద్దన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ పోయిన చోట మీరు పాడండి. నియమం దానికి వర్తించదు." అప్పట్నుంచి అతుకు దగ్గరికి రాగానే నేను టేపు ఆపేవాణ్ణి, బావ ఆ 38 సెకన్లూ పాడేవాడు, మళ్ళీ మీట నొక్కేవాణ్ణి. ఇటు తిప్పితే మేష్టారు. ఆయనకి శ్రుతి నిలిచేది కాదు, కానీ మాట స్పష్టం. ఒక్క అక్షరం కూడా నలిగేది కాదు.

1998లో బావ కువైట్ వెళ్ళాడు, తోట పోయిన చోట అప్పులు మిగిలాయి, ఎవరో ఒకరు వెళ్ళాలి. నేను కాకినాడలో ఉద్యోగానికి వచ్చేశాను. శనివారాలు ఆగిపోయాయి. 2011లో మేష్టారు పోయారు. నేను ఊరు చేరేసరికి మైకులో ఘంటసాల భగవద్గీత వినిపిస్తోంది. అరుగు మీద కూర్చుని ఆ గొంతునే చాలాసేపు విన్నాను, నా పక్కన బాబాయి, మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. పాత అలవాటు.

బావా నేనూ మళ్ళీ వంతులు మొదలుపెట్టింది 2020 సెప్టెంబరు 25న. బాలు గారు పోయిన రోజు. శుక్రవారం కావడంతో వాడికి సెలవు, కరోనాతో ఎక్కడివాళ్ళం అక్కడే. ఫోన్ చేసి ఏమీ అనకుండా 'తకిట తధిమి' వేసి ఫోన్ స్పీకరు దగ్గర పెట్టాడు. పాట అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు. "వచ్చే శనివారం నువ్వు పంపు" అని పెట్టేశాడు.

ఈ సంక్రాంతికి బావ సెలవు మీద వచ్చాడు. పెట్టె బెల్టు సాగిపోతే అమలాపురంలో ఒక పాత మెకానిక్ దగ్గర దొరికిన బెల్టు వేయించాం. బాబాయికి ఎనభై దాటాయి, చెవి కొంచెం తగ్గింది. కుర్చీని కడవ పక్కనే వేశాం. తొలి పాట 'వయ్యారి గోదారమ్మ' వచ్చినప్పుడు పిన్ని పనులు ఆపి వచ్చి గుమ్మంలో కూర్చుంది, ఈసారి దడి దగ్గర కాదు. మూడో పాట అతుకు దగ్గరికి రాగానే నా వేలు దానంతటదే మీట మీదికి వెళ్ళింది. బావ పాడాడు. గొంతు బరువెక్కింది, పై స్థాయిలో కాస్త ఆగి అందుకున్నాడు. ఒక్క మాట తప్పలేదు.

ఆ వైపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది. "తిప్పమంటారా బాబాయ్?" అన్నాడు బావ. బాబాయి కళ్ళు తెరవకుండానే, "ఉండనీరా. అటు మేష్టారిది కదా" అన్నాడు.

కేసెట్ తీసి, ఆయన చేతిరాత సిరా చెదిరి మిగిలిన అట్టలో పెట్టి, పెట్టె మీద తువ్వాలు కప్పేశాం.

ఈ వారం నా వంతుకి 'పాడుతా తీయగా' పంపుదామని ఉంది. ఫోన్లో వెతికి పెట్టుకున్నాను, అందులో ఆ 38 సెకన్లూ ఉన్నాయి. ఇంకా పంపలేదు.